స్పానిష్ పేర్లను తెలుగులో రాయడం ఎలా? ‘రొద్రీగెస్’తో నేర్చుకుందాం

ఆటల వార్తలు, అనువాద కథలు దిద్దడం నా పని. వారానికి ఒక్కసారైనా ఏదో ఒక స్పానిష్ పేరు తప్పుగా నా ముందుకు వస్తుంది. ఎక్కువసార్లు అది రొద్రీగెస్ (Rodríguez). రోడ్రిగ్జ్, రోడ్రిగ్వెజ్, రోడ్రిగేజ్ అంటూ ఎవరికి తోచినట్టు వాళ్లు రాసేస్తున్నారు. ఈ ఒక్క పేరు సరిగ్గా రాయడం వస్తే మిగతావి చాలావరకు వచ్చినట్టే.

కావలసినవి రెండే: స్పానిష్ స్పెల్లింగుతో పూర్తి పేరు, ఆ మనిషిది ఏ దేశమో. ఇంగ్లిష్ వార్తలోని స్పెల్లింగు చాలదు, అక్షరం మీది గీత అందులో తరచూ ఎగిరిపోతుంది.

1. పేరు ఎక్కడిదో చూడండి

చివర ఇ, జెడ్ (ez) ఉంటే అది చాలావరకు తండ్రి పేరు నుంచి వచ్చిందే. రొద్రీగో కొడుకు రొద్రీగెస్, ఫెర్నాందో కొడుకు ఫెర్నాందెస్, సాంచో కొడుకు సాంచెస్. మొదట్లో ఇది తరతరానికీ మారేది. 11వ శతాబ్దపు స్పెయిన్ యోధుడు ఎల్ సిద్ అసలు పేరు రొద్రీగో దియాస్, ఎందుకంటే తండ్రి దియేగో. ఆయన కొడుకేమో దియేగో రొద్రీగెస్. తర్వాత్తర్వాత ఈ పేర్లు కుటుంబాలకు స్థిరపడిపోయాయి. ‘కోర్తెస్’ ఈ కోవలోది కాదు. దాని చివర ఉన్నది ఎస్, అర్థం మర్యాదస్తుడు.

2. చెవికి వినిపించేది రాయండి

‘గె’లో యు పలకదు. చివరి జెడ్ ఎప్పుడూ ‘జ్’ కాదు. లాటిన్ అమెరికాలో ‘స్’, స్పెయిన్‌లో చాలాచోట్ల ‘థ్’కు దగ్గరగా పలుకుతారు. నేను అందరికీ ‘స్’ రాస్తాను, మీరూ అదే రాయండి. గీత ఉన్నచోట ఒత్తి పలుకుతారు కాబట్టి అక్కడ దీర్ఘం ఇవ్వండి. ‘డ’ మాత్రం వద్దే వద్దు. స్పానిష్ డి మన ‘ద’కే దగ్గర. ఇంగ్లిష్‌లో లేని అక్షరం మన దగ్గర ఉండగా వాళ్ల ఉచ్చారణను అరువు తెచ్చుకోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

2014 ప్రపంచ కప్‌లో 6 గోల్స్‌తో గోల్డెన్ బూట్ గెలిచిన కొలంబియా ఆటగాడు జేమ్స్ కాదు, హామెస్ రొద్రీగెస్.

3. ఏది ఇంటిపేరో తేల్చుకోండి

అందరూ బోల్తాపడేది ఇక్కడే, తొందరపడకండి. స్పానిష్ మాట్లాడే దేశాల్లో మామూలుగా ఒక్కొక్కరికి రెండు ఇంటిపేర్లు. ముందు తండ్రిది, ఆ వెనుక తల్లిది. స్పెయిన్‌లో 1999 చట్టం వచ్చాక అమ్మానాన్నలు ఒప్పుకుంటే తల్లిది ముందు పెట్టుకోవచ్చు. పెళ్లయినా అక్కడి ఆడవాళ్ల ఇంటిపేరు మారదు.

మన ఇంటిపేరు మొదట ఉంటుంది, ఇంగ్లిష్ వాళ్లది చివర. స్పానిష్‌లో ముఖ్యమైనది ఆ చివరిదానికి ముందుంటుంది. కాబట్టి మనకున్న రెండు అలవాట్లూ పనికిరావు. హామెస్ పూర్తి పేరు హామెస్ దావీద్ రొద్రీగెస్ రూబియో. చివరి మాట పట్టుకుని ‘రూబియో గోల్’ అని రాస్తే అతని తల్లి ఇంటిపేరు రాసినట్టు.

మొదటి ఇంటిపేరు ఒక్కటే రాయండి, లేదా రెండూ రాయండి. రెండోది ఒంటరిగా రాయకండి. 1982 నోబెల్ రచయిత గార్సియా మార్కెస్‌ను మనవాళ్లు ‘మార్క్వెజ్’ అనేస్తారు. గార్సియా నాన్నది, మార్కెస్ అమ్మది, పైగా అందులో ‘క్వ’ లేదు. నా చేతికి వచ్చిన ప్రతిసారీ కొట్టేసి రెండూ రాస్తాను. అకారాది పట్టికలో ఆయన ‘గ’ కింద ఉండాలి.

మినహాయింపు ఒకటుంది. మొదటి ఇంటిపేరు ఊరంతా ఉండేదైతే జనం రెండోదానితో పిలుస్తారు. 2004 నుంచి 2011 దాకా స్పెయిన్ ప్రధానిగా ఉన్న హోసె లూయిస్ రొద్రీగెస్ సపతేరో అందరికీ సపతేరోనే. కవి గార్సియా లోర్కా లోర్కా అయ్యాడు. పాబ్లో రూయిస్ పికాసో రూయిస్‌ను వదిలేసి తల్లి వైపు పేరుతో సంతకం చేశాడు. రూయిస్ అంటే రూయ్ కొడుకు, రూయ్ అంటే రొద్రీగోకు పొట్టి పేరు. అంటే పికాసో వదిలేసింది రొద్రీగెస్‌కు చుట్టమే!

ఈ మినహాయింపును ఊహించి రాయకండి. స్పానిష్ పత్రికల హెడ్డింగుల్లో ఏ పేరు వాడుతున్నారో చూసి అదే వాడండి.

4. మనిషి ఎక్కడివాడో చూసి ముగించండి

గోవా, మంగళూరు, ముంబైల్లో కనిపించేది ఎస్‌తో ముగిసే పోర్చుగీసు రూపం (Rodrigues). 2025 మహిళల క్రికెట్ ప్రపంచ కప్ సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద 127 నాటౌట్‌గా నిలిచిన జెమీమా ఇంటిపేరు అదే. ఆమెను రొద్రీగెస్ అని దిద్దకండి, రోడ్రిగ్స్ అనే ఉంచండి.