కాలమ్‌లో అంశాల మధ్య ఎడం సరిచేసిన విధానం

యాప్‌లు తయారుచేసే సాధనమైన ఫ్లట్టర్‌లో రూపొందించిన లాగిన్ తెరలో, అంశాలను నిలువుగా పేర్చే కాలమ్‌లో ఉన్న ఇన్‌పుట్ పెట్టెలు, అవసరమైనప్పుడే కనిపించే ఎర్రర్ సందేశం, బటన్ ఒకదానికొకటి అతుక్కుపోయి కనిపించేవి. వాటి మధ్య 16 లాజికల్ పిక్సెళ్ల ఎత్తుతో సైజ్డ్‌బాక్సులు (నిర్ణీత కొలతగల ఖాళీ అంశాలు) చేర్చగా ఎడం వచ్చింది గాని, సందేశం లేనప్పుడు దాని పైనా కిందా ఉన్న ఖాళీలు రెండూ మిగిలిపోయి బటన్ ఇన్‌పుట్ పెట్టెకు 32 దూరంలో నిలిచేది. స్పేస్‌బిట్వీన్ అమరిక ఇక్కడ పనికిరాదు. మిగిలిన ఎత్తునంతా అది పంచేస్తుంది కనుక ఫోను పొడవును బట్టి ఎడం మారుతుంది.

చివరికి సైజ్డ్‌బాక్సులన్నీ తీసేసి, ఫ్లట్టర్ 3.27 నుంచి కాలమ్‌కు అందుబాటులోకి వచ్చిన స్పేసింగ్‌కు (అంశాల మధ్య ఎడం) 16 ఇచ్చి, సందేశాన్ని చిల్డ్రన్ జాబితాలోనే (కాలమ్‌లోని అంశాల జాబితా) ఇఫ్ షరతుతో, అంటే ఎర్రర్ ఉంటేనే చేరేలా, ఉంచాను. సందేశానికి బదులు ఖాళీ విడ్జెట్‌ను (ఫ్లట్టర్‌లో తెరను కూర్చే భాగం) పెడితే మాత్రం అదీ ఒక అంశంగానే లెక్కకు వచ్చి, రెట్టింపు ఎడం మళ్లీ కనిపిస్తుంది. స్పేసింగ్ అంశాల మధ్యే పనిచేస్తుంది కనుక తెర అంచులకు ప్యాడింగ్ (అంచు పొడవునా వదిలే ఖాళీ) వేరుగా ఇవ్వవలసిందే.