ఇంటికి మిగిలే డైరీ – 4వ పాఠం: ఈ ‘నాన్న’ ఎవరి నాన్న?

ప్రార్థన ఫలించని రోజును డైరీలో ఎలా రాయాలో ఈ వారం చెప్పాలనుకున్నాను. అది వచ్చే పాఠానికి జరిగింది. పోయినసారి ‘విశ్వాసం మీకు ఇంట్లో ఎవరి నుంచి అందిందో ఒక పేజీ రాయండి’ అన్నాను కదా, మీరు పంపిన పేజీలు చదివాక ముందుకు వెళ్లబుద్ధి కాలేదు. సగానికి పైగా వాటిలో ఒకటే ధోరణి: ‘మా అమ్మ మహా భక్తురాలు, ఆమె చల్లని మనసు మాకు ఆదర్శం.’ సంతాప సభలో చదవడానికి బాగుంటుంది. ఆమె ముఖం కూడా చూడని మునిమనవరాలికి దీనివల్ల తెలిసేది ఏమీ లేదు.

భక్తి, మంచితనం, ఆదర్శం అన్న మాటలను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఆమె చేసిన పని రాయండి. జ్వరంతో ఉన్న బిడ్డ పక్కన రాత్రంతా కూర్చున్నప్పుడు పైకి వినపడేలా ప్రార్థించేదా, పెదవులు మాత్రమే కదిలేవా? అప్పు ఎగ్గొట్టినవాడిని ఇంట్లో ఎవరైనా తిడుతుంటే ఏమని ఆపేది? అసలు ఆపేదా, తనూ నాలుగు మాటలు కలిపేదా? కలిపితే అదీ రాయండి.

రెండో శతాబ్దపు రోమ్ చక్రవర్తి మార్కస్ అరీలియస్ గ్రీకులో తనకోసం రాసుకున్న నోట్సులో మొదటి భాగమంతా ఇదే. తాత, తల్లి, గురువులు, ఒక్కొక్కరి నుంచి తనకేం అబ్బిందో విడివిడిగా చెప్పాడు. తల్లి విషయంలో దైవభక్తి అని ఊరుకోలేదు. ఇచ్చే గుణం, చెడు పనికే కాక చెడు ఆలోచనకు కూడా దూరంగా ఉండటం, సంపన్నుల తీరు అంటకుండా సాదాగా బతకడం అని విడమరిచాడు. తండ్రి చిన్నప్పుడే పోయాడు కాబట్టి ఆయన గురించి లోకం అనుకునేదీ తనకు గుర్తున్నదీ మాత్రమే ఆధారమని చెప్పుకున్నాడు. మీరూ కళ్లారా చూసినదాన్నీ, ఎవరో చెప్పగా విన్నదాన్నీ కలిపేయకండి. విన్నదైతే ఎవరు చెప్పారో ఒక ముక్క చేర్చండి.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. మనుషులను వరసతో మాత్రమే ప్రస్తావించడం. ‘మామయ్య వచ్చారు, నాన్నతో మాట్లాడి వెళ్లారు.’ రాస్తున్న మీకు ఇద్దరూ కళ్లముందే ఉంటారు. మీ మనవడు చదివేనాటికి అతనికి నాన్న అంటే మీ అబ్బాయి. మామయ్య సంగతి ఇంకా చిక్కు: మీ అమ్మ తోడబుట్టినవాడా, మేనత్త భర్తా, మీకు పిల్లనిచ్చినాయనా? ‘పెద్దన్నయ్య’ సొంత అన్నో, పెదనాన్నగారి అబ్బాయో పేజీలో ఎక్కడా ఉండదు. ఒక్క కోడలు ఉన్నప్పుడు ‘కోడలు’ అంటే సరిపోతుంది, రెండో ఆమె వచ్చాక పాత పేజీలన్నీ తగవుకు సిద్ధం. పోనీ పేరు ఒక్కటి రాస్తే చాలదా అంటారేమో, తాత పేరే మనవడికి పెట్టుకున్న ఇంట్లో అదీ చాలదు.

కాబట్టి ఒక మనిషి మీ డైరీలో మొదటిసారి కనిపించినప్పుడు ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, మీకు ఏ వరస, ఎవరి వైపు నుంచి, ఈ మూడూ ఉండాలి. తరువాత ఎలా పిలుచుకున్నా ఫరవాలేదు. నేనైతే ప్రతి పుస్తకం చివర కొన్ని పేజీలు మనుషుల పట్టికకే వదిలేస్తాను, ఆడవాళ్ల పుట్టింటి పేరుతో సహా. ‘పోయిన పండుగకు’, ‘పాత ఇంట్లో’ అన్నవి కూడా ఈ బాపతే. తేదీ వేయండి, ఊరు రాయండి, సంవత్సరాన్ని నాలుగు అంకెల్లో రాయండి.

గుట్టు కోసం పొడి అక్షరాలు, సంకేతాలు వాడుతున్నవారు ఇది వినండి. ఇంగ్లాండులో నౌకాదళ వ్యవహారాలు చూసే అధికారి శామ్యూల్ పెపీస్ 1660 నుంచి 1669 దాకా డైరీని షార్ట్‌హ్యాండ్‌లో, అంటే మాటలను గుర్తులుగా కుదించి వేగంగా రాసే లిపిలో, రాశాడు. 1819లో జాన్ స్మిత్ అనే ఆయన దాన్ని విప్పడానికి కూర్చుంటే 3 ఏళ్లు పట్టింది. ఆ షార్ట్‌హ్యాండ్ నేర్పే పుస్తకం పెపీస్ గ్రంథాలయంలోనే ఉందని పాపం ఆయనకు తెలియదు. మీ వాళ్లకు అంత ఓపిక ఉంటుందని నమ్మకం పెట్టుకోకండి. సంకేతాల అర్థాలు మొదటి పేజీలో రాయండి. ఎవరూ చదవకూడనిది ఉంటే దానికి వేరే పుస్తకం పెట్టుకోండి.

కాగితం, సిరా గురించి అడిగినవారికి: ఆమ్లరహిత కాగితం (ఆమ్లం లేనిది, త్వరగా పసుపెక్కి పెళుసుబారదు), పిగ్మెంట్ సిరా (కరగని సన్నని రంగుపొడితో చేసినది). నా ఓటు పెన్సిల్‌కే, దానిలోని గ్రాఫైట్ వెలిసిపోదు. చెరిపేసేవాళ్లు ఇంట్లో ఉంటే మీ ఇష్టం. దుకాణం రసీదులు అంటించకండి, వేడితో అచ్చయ్యే ఆ కాగితం మీద అక్షరాలు కొన్నేళ్లకే మాయమవుతాయి.

అభ్యాసం. పోయినసారి పేజీని కొత్తగా రాసి, మీ బంధువర్గం తెలియని ఒకరి చేతికివ్వండి. మీరు నోరు తెరవకండి. వాళ్లు ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని ఆగిన ప్రతిచోటా గీత పెట్టుకోండి. తరువాత అంచులో జవాబు రాసి ఆ రోజు తేదీ వేయండి, పాత వాక్యాన్ని మాత్రం దిద్దకండి. పాత డైరీలు ఉన్నవారు వాటన్నిటికీ ఇదే చేయాలి. ఒక వారంలో తెమలదు, తెలుసు. ఇంట్లో అందరికంటే పెద్దవారు మాత్రమే గుర్తుపట్టగల మనుషులున్న పేజీలతో మొదలుపెట్టండి, మిగతావి ఆగుతాయి.