పాత అంబులెన్స్ ఎవరు కట్టారు, ఏ ఏడాదిది? సమస్య - పరిష్కారం

పాత అమెరికన్ కారు అంబులెన్స్ ముందు నిలబడి "ఇది ఏ కంపెనీది?" అంటే వచ్చేది సగం జవాబే. 1970ల చివరిదాకా అక్కడ పద్ధతి ఇది: కాడిలాక్, పాంటియాక్, ఓల్డ్స్‌మొబైల్ వంటి కంపెనీలు ఇంజను, ఛాసిస్ (బండి అడుగు చట్రం), ముందుభాగం ఇచ్చేవి. వెనకభాగం, అంటే బాడీ, ఇంకో కంపెనీ కట్టేది. అంబులెన్స్ ఉద్యోగం అయిపోయాక ఆ బండిని ఎవరో క్యాంపర్‌గా (ప్రయాణాల్లో పడుకునే బండిగా) మార్చి, సగం భాగాలు పీకేసి ఉంటారు. అందుకని "ఎవరు?", "ఎప్పుడు?" అనే రెండు ప్రశ్నలూ ఛాసిస్‌ను ఒకసారి, బాడీని ఒకసారి అడగాలి.

బానెట్ మీద కాడిలాక్, తలుపు గుమ్మం మీద ఇంకో పేరు

ఇక్కడ తప్పేమీ లేదు, రెండు పేర్లూ నిజమే. గుమ్మం రేకు మీద కనిపించేది బాడీ కట్టినవారి పేరు. ఒహాయోలోని లైమాలో సుపీరియర్, పిక్వాలో మిల్లర్-మీటియోర్, సిన్సినాటిలో హెస్ అండ్ ఐసెన్‌హార్ట్, ఇల్లినాయిలోని రాక్ ఫాల్స్‌లో యురేకా, ఫ్రీపోర్ట్‌లో హెన్నీ, ఆర్కన్సాలోని బ్లైత్‌విల్‌లో కాట్నర్-బెవింగ్టన్: ఎక్కువగా తగిలేవి ఇవే. హెస్ అండ్ ఐసెన్‌హార్ట్ బళ్ల మీద ఎస్ అండ్ ఎస్ అని ఉంటుంది. అది సేయర్స్ అండ్ స్కోవిల్ అనే పాత పేరుకు పొట్టి రూపం.

పేరు దొరికిందంటే ఏడాదికి హద్దులు కూడా దొరికినట్టే. మిల్లర్, మీటియోర్ అనే రెండు కంపెనీలు 1956లో ఒకే యాజమాన్యం కిందికి వచ్చాక పుట్టింది మిల్లర్-మీటియోర్. కాబట్టి ఆ జంట పేరున్న బండి అంతకు ముందుది కాదు. ప్యాకార్డ్ అనే కార్ల కంపెనీ ఛాసిస్ మీద కట్టిన హెన్నీ అయితే 1954 దాటదు. యురేకా 1964తో ఆగిపోయింది.

పేరున్న రేకే లేదు

రంగులు వేసేటప్పుడు పీకేసి ఉంటారు, లేదా దాని మీదే రంగు కొట్టి ఉంటారు. రెండోదైతే మీ అదృష్టం. గోకొద్దు. పల్చని కాగితం దాని మీద పరిచి, మెత్తటి పెన్సిల్‌ను అడ్డంగా పట్టుకుని రుద్దండి. నాలుగు పొరల రంగు కింద ఉన్న అంకెలు కూడా తెల్లగా తేలుతాయి. పీకేసి ఉంటే రివెట్ల రంధ్రాల కోసం చూడండి: ముందు తలుపు స్తంభం, గుమ్మం, డ్యాష్‌బోర్డు కింది అంచు. ఆ రంధ్రాల మధ్య దూరం కొలిచి రాసుకుంటే, అదే కంపెనీ కట్టిన ఇంకో బండి రేకుతో పోల్చుకోవచ్చు.

కాగితాల్లో ఒక ఏడాది, బండి ముఖంలో ఇంకో ఏడాది

తరచుగా తల తినేసే సమస్య ఇది. కారణాలు మూడు. ఛాసిస్ ఒక ఏడాది తయారై, బాడీ పూర్తయ్యేసరికి మరో ఏడాది వచ్చి ఉండొచ్చు. పాతకాలంలో అమ్మిన ఏడాదినే కాగితాల్లోకి ఎక్కించి ఉండొచ్చు. లేదంటే గుద్దుకున్న బండికి ఇంకో ఏడాది గ్రిల్ (ముందు జాలీ) తగిలించి ఉండొచ్చు.

గ్రిల్‌నూ బంపర్‌నూ నమ్మకండి, అవి బోల్టులతో ఊడొచ్చేవే. ముందు అద్దం చట్రం, డ్యాష్‌బోర్డు ఆకారం అంత తేలిగ్గా మారవు. కాడిలాక్‌కు పక్కలకు వంగిన ముందు అద్దం 1954లో వచ్చింది. కాడిలాక్‌లోనే హెడ్‌లైట్లు ఒకదాని మీద ఒకటి ఉంటే 1965-68 మధ్యది. పక్కలకు మార్కర్ దీపాలో రిఫ్లెక్టర్లో కంపెనీ బిగించినవే ఉంటే 1968 లేదా ఆ తర్వాతిది.

తీర్పు మాత్రం కార్ల కంపెనీ బండికి వేసిన నంబరుదే, రిజిస్ట్రేషన్ నంబరుది కాదు. 1950లలోని కాడిలాక్‌లకు మొదటి రెండు అంకెలే ఏడాది: 56తో మొదలైతే 1956. 1965-71 పాంటియాక్, ఓల్డ్స్‌మొబైల్ నంబర్లలో మొదటి అంకె కంపెనీని (పాంటియాక్‌కు 2, ఓల్డ్స్‌మొబైల్‌కు 3), ఆరో అంకె ఏడాదిని చెబుతాయి. 1972-80 మధ్య కాడిలాక్ కూడా ఈ దారికే వచ్చింది, దాని అంకె 6. పదిహేడు స్థానాల నంబరు ఉంటే అది 1981 లేదా ఆ తర్వాతి బండి. అందులో పదో స్థానం ఏడాది.

వీల్‌బేస్ కొలత పుస్తకంలోని కారుతో కలవడం లేదు

ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు టేపు పట్టండి. 1960లలో కాడిలాక్ ఈ పనికోసమే ఇచ్చిన కమర్షియల్ ఛాసిస్ 156 అంగుళాలు. అదే కాలపు మామూలు కాడిలాక్ కారు సెడాన్ డీవిల్ 130 అంగుళాలకు అటూ ఇటూ. 157.5 వస్తే 1971-76 అనుకోండి. పాంటియాక్, ఓల్డ్స్‌మొబైల్‌లను మాత్రం చాలావరకు మామూలు కారునే కోసి పొడిగించేవారు. బండి కిందకి దూరి చూస్తే ఫ్రేముకు వేసిన అతుకు కనిపిస్తుంది. ఆ అతుకు చూసి దొంగబండి అనుకోవద్దు, అది బాడీ కట్టినవారి పనే.

అంబులెన్స్ అన్నారు, నేలలో రోలర్లు ఉన్నాయి

అవి శవపేటిక జరపడానికి. అలాగని ఇది శవవాహనమని తేల్చేయకండి. ఒకే బండిని రెండు పనులకూ వాడే "కాంబినేషన్" కార్లు చాలా కట్టారు, ఎందుకంటే చిన్న ఊళ్లలో అంబులెన్స్ నడిపింది కూడా అంత్యక్రియల సంస్థలే. రోలరు పలకను తిరగేసి చూడండి. అడుగు చదునుగా ఉండి, పక్కన స్ట్రెచర్ కొక్కేలు, పైకప్పులో ఊడదీసే దీపానికి సాకెట్ ఉంటే అది కాంబినేషనే. బతికున్నవాడినీ పోయినవాడినీ ఒకే బండి మోసిందంటే ఇప్పుడు ఒళ్లు జలదరిస్తుంది గానీ, అప్పట్లో అది మామూలే.

వెనక పెట్టె పాతది, ముందు క్యాబ్ కొత్తది

ఇది కారు అంబులెన్స్ కాదు, ట్రక్కు లేదా వ్యాన్ ఛాసిస్ మీద విడి పెట్టె బిగించిన తర్వాతి తరం బండి. ఛాసిస్ అరిగిపోయాక పెట్టెను దించి కొత్త ఛాసిస్ మీద కూర్చోబెట్టడం ఆ రంగంలో మామూలు. పెట్టె రేకు మీది తేదీ, క్యాబ్ తలుపు స్తంభం మీది తేదీ వేర్వేరుగా రాసుకోండి, రెంటినీ కలిపి సగటు తీయకండి. అంబులెన్స్‌ల గుర్తయిన ఆరు కొమ్మల నీలి నక్షత్రం చూసి ఏడాది కట్టకండి. 1970లలో పుట్టిన ఆ గుర్తును పాత బళ్లకు తర్వాత అంటించినవాళ్లూ ఉన్నారు.

ఫోక్స్‌వాగన్ వ్యాన్ అయితే

పని సులువు, అంబులెన్స్‌ను కంపెనీయే కట్టింది. 1965 మోడల్ నుంచి 1969 దాకా ఛాసిస్ నంబరులో మొదటి రెండు అంకెలు 27 అయితే అంబులెన్స్, మూడోది మోడల్ ఏడాది. 275 అంటే 1965, అయితే ఆ మోడల్ ఏడాది 1964 ఆగస్టులోనే మొదలవుతుంది.

ఇంతా చూశాక కూడా తేలకపోతే అమెరికాలో 1976 నుంచి ఈ బళ్ల కోసమే నడుస్తున్న ప్రొఫెషనల్ కార్ సొసైటీ సభ్యులను అడగండి. పంపాల్సినవి: పక్కనుంచి నిండుగా తీసిన ఫోటో, ముందు అద్దం చట్రం, వెనక తలుపు కీళ్లు, వీల్‌బేస్ కొలత, పెన్సిల్ రుద్దిన కాగితం.