పళ్ళు మనమే లెక్కపెట్టి చూపించాలి: పాత కెమెరాలు వేలంలో అమ్మేవాళ్ళకు

మా నాయనకు కందుకూరులో ఫొటో స్టూడియో ఉండేది. డిజిటల్ వచ్చాక అది మూతపడింది. నాయన పోయాక ఆయన కెమెరాలు ఏడూ తోలు కేసులతో సహా నెల్లూరులో మా ఇంటికి చేరాయి. రెండేళ్ళు చెక్క బీరువాలోనే ఉన్నాయి. తర్వాత ఒక్కొక్కటే ఆన్‌లైన్ వేలంలో పెట్టడం మొదలుపెట్టాను. ఇప్పుడు తెలిసినవాళ్ళు వాళ్ళ ఇళ్ళలో పడున్న కెమెరాలు కూడా తెచ్చి ఇస్తున్నారు. ఇప్పటికి నలభై దాకా అమ్మాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ధర గురించి. నేను మాత్రం లోపాల గురించే చెబుతాను, ఎందుకంటే నేను తప్పు చేసింది అక్కడే.

నేను అమ్మిన మొదటి కెమెరా యాషికా మ్యాట్ 124జీ. ముందు రెండు లెన్సులు ఒకదాని కింద ఒకటి ఉంటాయి, పైనుంచి తల వంచి చూసి ఫొటో తీయాలి. నాయనకు ప్రాణం అది. ఒక సెకను, అర సెకను స్పీడుల్లో దాని షట్టర్, అంటే ఫిలిం మీద వెలుతురు పడేలా తెరుచుకుని మూసుకునే తలుపు, తెరుచుకుని అలాగే నిలబడిపోయేది. నాలుగైదు సార్లు నొక్కితే కదిలేది. కదిలింది కదా అని ‘గుడ్ వర్కింగ్ కండిషన్’ అని రాసి వేలంలో పెట్టాను. ఎవరూ ఏమీ అడగలేదు. ధర 9,200 దాకా వెళ్ళింది. హైదరాబాద్‌లో చదువుకునే అమ్మాయి కొనుక్కుంది. మూడు వారాల తర్వాత రెండు రోల్స్ స్కాన్లు పంపింది. ఒక్కో రోల్‌కు 12 చొప్పున 24 ఫొటోలు. పగటి వెలుతురులో తీసినవి బాగున్నాయి, సాయంత్రం ఇంట్లో, తక్కువ వెలుతురుకని ఆ నిదానం స్పీడుల్లో తీసినవన్నీ తెల్లగా కాలిపోయాయి. కింద ఒక్కటే లైను: ‘అక్కా, ఇది ముందే ఇలా ఉందా?’

దానికి జవాబు రాయడానికి నాకు ఒక రోజంతా పట్టింది. ఉంది అని రాశాను. డబ్బు, రెండు వైపుల కొరియర్, ఫిలిం, కడిగించిన ఖర్చు అన్నీ కలిపి పంపాను. అమ్మకు చెబితే, ‘ఏంది మే, అడగంది మనమెందుకు చెప్పాల? సంతలో ఎవురన్నా చెప్తారా?’ అంది.

సంతలోనూ చెప్పేవాళ్ళు ఉన్నారు. మా తాత ఒకసారి ఒంగోలు ఎద్దును అమ్ముతూ, తడి నేలలో కాడి వేస్తే పడుకుంటుందని ముందే చెప్పాడని నాయన చాలాసార్లు చెప్పేవాడు. కొన్నాయన మెట్ట రైతు, తడి నేలతో పని లేదు కాబట్టి తోలుకుపోయాడట. సరే, చెప్పనివాళ్ళే ఎక్కువ అనుకుందాం. అయినా సంతలో కొనేవాడు ఎద్దు నోరు తెరిచి చూస్తాడు. వయసు తెలియడానికి రెండు పళ్ళా, నాలుగు పళ్ళా లెక్కపెడతాడు, మూపు తడుముతాడు, నాలుగడుగులు నడిపిస్తాడు. ఆన్‌లైన్ వేలంలో పాడేవాడికి ఆ వీలే లేదు. ఎక్కడో కూర్చుని మనం పెట్టిన నాలుగు ఫొటోలు చూసి బిడ్ వేస్తాడు. కాబట్టి నోరు తెరిచి పళ్ళు లెక్కపెట్టి చూపించాల్సింది మనమే.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకున్నాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌లో సరిగ్గా వేలం గురించే ఒక ఉదాహరణ ఉంది. ఒకడు తన గుర్రానికి జబ్బుందని తెలిసీ, ఏమీ మాట్లాడకుండా వేలంలో అమ్మాడు. అది మోసం కిందికి రాదు అంటుంది. అది చదివి ఊరుకుంటే అమ్మ మాటే రైటు. కానీ అదే చోట ఇంకో ఉదాహరణ ఉంది. కొనేవాడు ‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను’ అన్నాడు, అమ్మేవాడు మాట్లాడలేదు. అప్పుడు ఆ మౌనం మాటతో సమానం. లోపాన్ని కావాలని కప్పిపెడితే అది మోసమని ఆ సెక్షనే చెబుతుంది. నా దృష్టిలో ఆన్‌లైన్‌లో బిడ్ వేసే ప్రతివాళ్ళూ ఆ రెండో కొనుగోలుదారు లాంటివాళ్ళే. పైగా నేను ‘గుడ్ వర్కింగ్’ అని రాశాను. అది మౌనం కూడా కాదు.

ఇక పని ఎలా చేయాలో చెబుతాను.

ముందు లెన్సు. మన కోస్తా గాలికి, ఈ ఉక్కపోతకు, లెన్సులో ఫంగస్ పట్టని కెమెరా దొరకడం కష్టం. తోలు కేసులో పెట్టి బీరువాలో దాచామంటే మనమే పెంచినట్టు, ఆ తోలు తేమను పట్టి ఉంచుతుంది. గదిలో లైటు ఆర్పండి. కెమెరా వెనక మూత తెరవండి. అపర్చర్ (లెన్సులో వెలుతురు దూరే రంధ్రం) పూర్తిగా తెరిచి, షట్టర్‌ను ‘బి’ (నొక్కినంతసేపూ తెరిచే ఉంచే గుర్తు) మీద పెట్టి నొక్కి పట్టుకోండి. వెనకనుంచి టార్చి కాస్త ఏటవాలుగా కొడుతూ ముందునుంచి చూడండి. చుక్కలు చుక్కలుగా కనిపిస్తే దుమ్ము, ప్రతి పాత లెన్సులోనూ ఉంటుంది. అద్దం మీద ఊదితే పట్టినట్టు మసగ్గా ఉంటే హేజ్. సన్నటి దారాలు అంచునుంచి కొమ్మలు కొమ్మలుగా లోపలికి పాకుతుంటే ఫంగస్. మొదటిసారి నాయన లెన్సులో దాన్ని చూసినప్పుడు సాలెగూడు అనుకున్నాను. అద్దాన్ని కూడా తినేస్తుంది అది. తుడిపించినా కోటింగ్ మీద మచ్చ మిగలవచ్చు. అందుకే ‘కొంచెం ఫంగస్ ఉంది, క్లీన్ చేస్తే పోతుంది’ అని రాయకండి. ఉందన్నది మీరు చూసింది, పోతుందన్నది మీ ఊహ. పోయేదైతే మీరే తీయించి అమ్ముకోవచ్చు కదా.

తర్వాత షట్టర్. పాత కెమెరాల్లో లోపలి గ్రీజు ఎండి గట్టిపడుతుంది, దాంతో నిదానం స్పీడులు పట్టేస్తాయి. పదిసార్లు నొక్కితే కాస్త వదులై మామూలుగా ఆడుతుంది. చాలామంది ఆ పదకొండోసారి వీడియో తీసి పెడతారు. నేను చేసింది కూడా దాదాపు అదే. రాత్రంతా కెమెరాను ముట్టుకోకుండా ఉంచి, పొద్దున్నే మొదటి నొక్కు వీడియో తీయండి. కొనేవాడి చేతికి వెళ్ళాక కెమెరా ఎలా ఉంటుందో ఆ మొదటి నొక్కే చెబుతుంది.

స్పీడు సరిగ్గా ఉందో లేదో ఫోన్‌తోనే చూడవచ్చు. స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్ ఉంటే చాలు. వెనక మూత తెరిచి, లెన్సు ముందు లైటు పెట్టి, 1/30 సెకను మీద నొక్కి వీడియో తీయండి. వెలుగు 8 ఫ్రేముల్లో కనిపించాలి. పదీ పన్నెండూ వస్తే షట్టర్ నిదానంగా ఉన్నట్టు. 1/500 లాంటి స్పీడు ఈ పద్ధతిలో తేలదు. అప్పుడు ‘1/500 కొలవలేదు, చెవికి తేడా తెలియలేదు’ అని రాయండి.

వెలుతురు ఎంతుందో ముల్లుతో చూపే లైట్ మీటర్ సంగతి ఒక్క మాటలో: యాషికా మ్యాట్ లాంటివి 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీకి చేసినవి, అవి ఇప్పుడు తయారు కావడం లేదు. 1.5 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీ వేస్తే ముల్లు కదులుతుంది కానీ రీడింగ్ తేడా రావచ్చు. ‘మీటర్ పనిచేస్తోంది’ అనకుండా, ఏ బ్యాటరీ వేస్తే ఏం కనిపించిందో రాయండి.

మూత అంచుల్లో వెలుతురు పడకుండా పెట్టిన నల్ల స్పాంజి జిగటగా అయిందేమో వేలితో తాకి చూడండి. తుప్పు, సొట్టలు, బూజు వాసన కూడా చూసుకోండి. వాసన ఫొటోలో రాదు, రాయాల్సిందే.

రాసేటప్పుడు నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ‘టెస్ట్ చేయలేదు’ అన్న మాట. నిజంగా చూడటం చేతకాకపోతే తప్పు లేదు. కానీ షట్టర్ నొక్కి చూడటానికి ఎంతసేపు? నొక్కి, ఆడలేదని తెలుసుకుని, ‘టెస్ట్ చేయలేదు’ అని రాసేవాళ్ళు ఉన్నారు. అది అబద్ధమే. అలాగే ‘పాతది కాబట్టి చిన్న చిన్న లోపాలు సహజం’ అన్న వాక్యం. ఏ లోపాలో చెప్పకుండా ఈ మాట రాస్తే, తర్వాత ఏది బయటపడినా ఇందులోకి తోసేయవచ్చని రాసినట్టే ఉంటుంది. నేను మూడు రకాలుగా విడదీసి రాస్తాను: చూసి తెలుసుకున్నవి, చూసినా తేలనివి, చూడలేకపోయినవి. లోపం మొదటి లైన్లోనే ఉండాలి. పొగడ్తలన్నీ అయ్యాక అడుగున రాస్తే దాచినట్టే, ఫోన్‌లో అంత కిందిదాకా ఎవరూ చదవరు.

పోయిన నెల పెట్టిన ఒకదాని వివరం ఇలా రాశాను:

‘ముందు లెన్సు అంచున ఫంగస్ ఉంది, గడియారంలో నాలుగు గంటల వైపు, అంచునుంచి దాదాపు 5 మిల్లీమీటర్లు లోపలికి (ఫొటో 2). ఒక సెకను స్పీడు మొదటి నొక్కులో నిలిచిపోయింది, మూడోసారి కదిలింది (వీడియో). 1/30, 1/60 ఫోన్‌తో కొలిస్తే సరిగ్గానే ఉన్నాయి. 1/125, 1/250, 1/500 కొలవలేదు. 1.5 వోల్టుల బ్యాటరీతో మీటర్ ముల్లు కదులుతోంది, రీడింగ్ సరైనదో కాదో చూడలేదు. కింద ఎడమ మూల సొట్ట (ఫొటో 5). తోలు కేసు బూజు వాసన వస్తోంది. దీంతో నేను ఫిలిం వేసి తీయలేదు.’

ఫొటోల విషయంలో ఒక జాగ్రత్త. టార్చి ముందు పెడితే మామూలు దుమ్ము కూడా భయంకరంగా కనిపిస్తుంది. కాబట్టి టార్చి ఫొటో ఒకటి, కిటికీ దగ్గర మామూలు వెలుతురులో ఇంకొకటి, రెండూ పెట్టండి. లోపాన్ని పెద్దది చేసి చూపినా నిజం తప్పినట్టే. సొట్ట పక్కన రూపాయి బిళ్ళ పెడితే ఎంతుందో తెలుస్తుంది.

ఇంత రాస్తే ధర పడిపోదా అని అడుగుతారు. పడుతుంది, కొన్నిసార్లు బాగానే పడుతుంది. పైన చెప్పిన కెమెరా 4,300కే పోయింది. అది ఆ కెమెరా విలువ. నేను 9,200 తీసుకున్నప్పుడు అందులో సగం లేని గుణానికి తీసుకున్న డబ్బు. అయితే లోపమున్న వస్తువుకు కొనేవాళ్ళు ఉండరనుకోవద్దు. ఆన్‌లైన్ వేలం సైటు ఈబే 1995లో మొదలైనప్పుడు మొదట అమ్ముడుపోయింది పాడైపోయిన లేజర్ పాయింటర్ అని, 14.83 డాలర్లు పలికిందని ఆ సంస్థే చెప్పుకుంటుంది. అది పాడైందని తెలుసా అని అమ్మిన పియర్ ఒమిడ్యార్ (ఆ సైటు పెట్టినాయన) అడిగితే, అలాంటివే సేకరిస్తానన్నాడట కొన్నాయన. నా దగ్గర జెనిట్ అనే రష్యా కెమెరా ఒకటి ఉండేది, షట్టర్ గుడ్డ చిరిగిపోయింది. ‘ఫొటోలు తీయడానికి పనికిరాదు, లెన్సు శుభ్రంగా ఉంది’ అని మొదటి లైన్లో రాశాను. దాని హీలియోస్ లెన్సును అడాప్టర్‌తో డిజిటల్ కెమెరాకు పెట్టుకునేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు షట్టర్‌తో పనే లేదు. ఏడుగురు పాడారు.

వేలం నడుస్తుండగా ఎవరైనా విడిగా మెసేజిలో ప్రశ్న అడిగితే, జవాబు వాళ్ళొక్కరికే ఇవ్వకండి. అందరికీ కనిపించేలా వివరంలో చేర్చండి. మధ్యలో మీకే కొత్త లోపం కనిపిస్తే ఇంకా టెన్షన్. ఒకసారి వేలం ముగియడానికి ఆరు గంటల ముందు, ఇంకో ఫొటో తీద్దామని టార్చి కొట్టినప్పుడు, లోపలి అద్దంలో ఫంగస్ కనిపించింది. అప్పటికి ధర 6,000 దాటింది. వెంటనే ఆ ఫొటో, టైముతో సహా, వివరంలో చేర్చాను. పై బిడ్‌లో ఉన్నాయనకు రాసి, కావాలంటే తప్పుకోవచ్చన్నాను. తప్పుకున్నాడు. 3,500కు పోయింది. చివరి గంటలో ఇలా జరిగితే వేలం ఆపేసి, మళ్ళీ మొదటినుంచి పెట్టడమే న్యాయం.

మన మనిషితో పాడించి ధర పెంచడం మాత్రం వద్దు. మా చిన్నాన్న కొడుకు, ‘అక్కా, నేను రెండు బిడ్లు వేస్తాలే’ అని నవ్వుతూనే అన్నాడు. వద్దన్నాను. 1930 నాటి వస్తువుల అమ్మకం చట్టం 64వ సెక్షన్ ప్రకారం, ధర పెంచడానికి అమ్మేవాడు దొంగ పాట పాడిస్తే కొన్నవాడు ఆ అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చు. లోపం దాచడం ఎంతో ఇదీ అంతే, లేని గిరాకీని ఉన్నట్టు చూపడం.

ఇంత చేసినా ఫిర్యాదు వస్తుంది. మనం రాయని లోపం వాళ్ళు చూపిస్తే, వాదించకుండా వెనక్కి తీసుకోండి, రెండు వైపుల కొరియర్ ఖర్చు మీరే పెట్టుకోండి. రాసిన లోపమే అయితే, ఆ లైనూ ఆ ఫొటో నంబరూ మర్యాదగా చూపించండి. నాకు ఇప్పటికి అలాంటివి రెండే వచ్చాయి, రెండూ ఫోన్‌లోనే తేలిపోయాయి.

పంపేటప్పుడు లెన్సుకు, షట్టర్ మీటకు ఒత్తిడి తగలకుండా బబుల్ షీట్ చుట్టి, సిలికా జెల్ పొట్లాలు రెండు వేయండి. ప్యాక్ చేసేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి. వేలంలో పెట్టిన వివరాన్ని కాగితం మీద రాసి, మడిచి, ఫిలిం పెట్టే చోటులో ఉంచి మూత వేస్తాను నేను. రేపు వాళ్ళు ఇంకొకరికి అమ్ముకున్నా ఆ కాగితం కెమెరాతోనే పోతుంది.