కంప్యూటర్ పదే పదే క్రాష్ అవుతోందా? ముందు ర్యామ్ చూడండి

విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా బ్లూ స్క్రీన్ వస్తూనే ఉందంటే హార్డ్‌వేర్‌నే అనుమానించాలి. విండోస్ ఎర్రర్ల చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అనే ఎర్రర్ కనబడగానే పవర్ సప్లై పోయిందని టెన్షన్ పడకండి, సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే దాని అర్థం.

నేనైతే ర్యామ్‌తోనే మొదలుపెడతాను. బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగ్స్) ఓవర్‌క్లాకింగ్ (మామూలు కంటే ఎక్కువ వేగంతో నడపడం), ఎక్స్‌ఎంపీ (ర్యామ్ వేగం పెంచే సెట్టింగ్) ఆపేసి, పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ బూట్ చేసి రాత్రంతా నడవనివ్వండి; ఒక్క ఎర్రర్ వచ్చినా తేలిగ్గా తీసుకోవద్దు. అప్పుడు పవర్ కేబుల్ తీసి, ఒక్కో ర్యామ్ స్టిక్‌నీ విడిగా ఒకే స్లాట్‌లో పెట్టి టెస్ట్ చేయండి. ఒక స్టిక్‌తోనే ఎర్రర్లు వస్తుంటే తప్పు దానిదే, అన్నిటితోనూ వస్తుంటే ఇంకో స్లాట్‌లో పెట్టి చూడండి, ఎందుకంటే గొడవ మదర్‌బోర్డులో కూడా ఉండొచ్చు.

ర్యామ్ బాగానే ఉండి, గేమ్ ఆడేటప్పుడే ఆగిపోతుంటే? ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ వేడి చూడండి. అదీ మామూలుగానే ఉంటే వేరే పవర్ సప్లై పెట్టి చూడాలి. పాతదాన్ని మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లు షాక్ కొట్టగలవు.