ఎండాకాలం రాకముందే ఇంటి కంప్యూటరుకు చేయాల్సిన కరెంటు జాగ్రత్తలు

మార్చి దాటితే కడప జిల్లాలో కరెంటుతో రెండు రకాల ఇబ్బందులు మొదలవుతాయి. సాయంత్రం ఏసీలు, కూలర్లు అన్నీ ఒక్కసారి ఆన్ అయ్యేసరికి వోల్టేజీ కిందికి జారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో గాలివాన లేచిందంటే కొమ్మలు విరిగి తీగల మీద పడతాయి, లైను తెగుతుంది. ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేసుకునేవాళ్లు, డీటీపీ చేసేవాళ్లు, ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేవాళ్లు కింద చెప్పే పనులు ఫిబ్రవరిలోనే ముగించుకుంటే మంచిది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండల్లో ఎలక్ట్రీషియన్ దొరకడమే కష్టం.

మనవాళ్లు ముందు యూపీఎస్ కొంటారు, తర్వాత ఇన్వర్టర్ పెట్టించుకుంటారు. ఎర్తింగ్, అంటే లీకైన కరెంటును వైరు ద్వారా నేలలోకి పంపే ఏర్పాటు సంగతి ఎవరికీ గుర్తుండదు. నా లెక్కలో ఈ వరుస తిరగబడాలి. మొదటి రూపాయి ఎర్తింగ్‌కే పోవాలి. ఎర్త్ సరిగ్గా లేని ఇంట్లో ఎంత ఖరీదైన సర్జ్ బోర్డు (ఉన్నట్టుండి ఎగసే వోల్టేజీని ఆపే ప్లగ్గు బోర్డు) పెట్టినా అది సగం పనే చేస్తుంది.

మూడు పిన్నుల ఛార్జరున్న ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెడితే సన్నగా జివ్వుమంటోందా? సీపీయూ వెనక రేకు తాకితే వేలికి చురుక్కుమంటోందా? అయితే సాకెట్‌లో పై రంధ్రానికి ఎర్త్ వైరు కలపలేదో, కలిపిన వైరు ఎక్కడో తెగిందో, బయట ఎర్త్ గుంత ఎండిపోయిందో చూడాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, కంప్యూటరు పెట్టే సాకెట్‌లోనే మల్టీమీటరుతో మూడు రీడింగులు చూపించమనండి. ఫేజుకూ (కరెంటు వచ్చే వైరు) న్యూట్రల్‌కూ (తిరిగి వెళ్లే వైరు) మధ్య 230 వోల్టుల దగ్గర ఉండాలి. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. టెస్టరు పెట్టి, లైటు వెలిగింది చూడండి అంటే ఒప్పుకోవద్దు. టెస్టరు ఫేజు ఉందని మాత్రమే చెబుతుంది, ఎర్త్ సంగతి చెప్పదు. మూడో రీడింగు అచ్చంగా సున్నా వచ్చినా సంతోషించకుండా సాకెట్ విప్పించి చూడండి. ఎర్త్ లేదని న్యూట్రల్ వైరునే ఎర్త్ పిన్నుకు కలిపేసేవాళ్లు ఉన్నారు. అది ప్రాణాంతకం. న్యూట్రల్ తెగిన రోజు మీ సీపీయూ డబ్బా మొత్తానికీ కరెంటు వస్తుంది.

మన వైపు చాలాచోట్ల రాతినేల. వేసవిలో తేమ లోపలికి దిగిపోతుంది, దాంతో ఎర్త్ గుంత పనితనం తగ్గిపోతుంది. ఉప్పు, బొగ్గు వేసి కట్టిన మామూలు గుంతయితే ఎండాకాలమంతా వారానికి రెండుసార్లు బిందెడు నీళ్లు పోయండి. ఇల్లు కట్టాక దాని మీద కడపరాళ్లు పరిచి మూసేసిన ఇళ్లున్నాయి. నీళ్లు పోసే దారి వదలకపోతే ఆ గుంత ఉన్నా లేనట్టే.

ఎర్త్ తర్వాత భయపడాల్సింది న్యూట్రల్ తెగడం గురించి. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే మీ ఇంటికొచ్చే వోల్టేజీ చుట్టుపక్కల ఇళ్ల లోడును బట్టి మారిపోతుంది. ఒక ఇంట్లో 150కి పడిపోతే ఇంకో ఇంట్లో 300 దాటొచ్చు. రెండు ఫేజుల మధ్య ఉండేది 400 వోల్టులు కాబట్టి అంతదాకా ఎగబాకే ప్రమాదమూ ఉంది. ఫ్యాను ఉన్నట్టుండి వేగం అందుకుంటుంది, లైట్లు మరీ మెరుస్తాయి, ఛార్జరు నుంచి కాలిన వాసన వస్తుంది. ఎందుకా అని ఆలోచిస్తూ నిలబడకుండా వెంటనే మెయిన్ ఆపేయండి. మెయిన్ బోర్డులో ఉండే ఎంసీబీ స్విచ్ దానంతటదే పడిపోతుందని నమ్ముకోవద్దు. అది లోడు ఎక్కువైతేనో, షార్ట్ అయితేనో పడుతుంది, వోల్టేజీ పెరిగితే దానికి పట్టదు. మీటరు తర్వాత ఓవర్ వోల్టేజీ, అండర్ వోల్టేజీ ప్రొటెక్టర్ పెట్టించుకుంటే హద్దు దాటగానే ఇంటి మొత్తానికీ కరెంటు కట్ చేస్తుంది, కుదుటపడ్డాక కాస్త ఆగి మళ్లీ కలుపుతుంది. రెండో రూపాయి దీనికి పెట్టండి.

ఇక యూపీఎస్. డెస్క్‌టాప్ వాడేవాళ్లకు ఇది తప్పనిసరి. 600 వీఏ (వోల్ట్-ఆంపియర్లు) అని రాసి ఉంటే 600 వాట్లు అనుకోకండి, చాలావరకు అది 360 వాట్లే. లోపలుండే 12 వోల్టుల, 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు ఒక సీపీయూను, మానిటరును 10 నుంచి 20 నిమిషాలు లాగుతుంది. ఆ సమయం పని కొనసాగించడానికి కాదు, సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకోవడానికి. లేజర్ ప్రింటరును, ఫ్యానును దానికి తగిలించవద్దు. మన ఎండలకు ఆ బ్యాటరీ రెండు మూడేళ్లలోనే నీరసించిపోతుంది కాబట్టి వేసవి ముందు పరీక్షించండి. పనంతా సేవ్ చేసి, గోడ స్విచ్ ఆపి ఎన్ని నిమిషాలు నిలబడుతుందో చూడండి. ప్లగ్గు మాత్రం లాగొద్దు, లాగితే ఎర్త్ కూడా ఊడిపోతుంది. ఐదు నిమిషాల్లోపే కుయ్యిమని ఆగిపోతే బ్యాటరీ మార్చాల్సిందే.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో చాలామంది చూడని చిన్న స్విచ్ ఒకటుంది. డబ్బా వెనకో పక్కనో యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని ఉంటుంది. యూపీఎస్ మోడ్‌లో పెడితే కరెంటు పోయిన క్షణంలోనే బ్యాటరీకి మారుతుంది, డెస్క్‌టాప్ రీస్టార్ట్ కాదు. కానీ ఆ మోడ్‌లో వోల్టేజీ కాస్త తగ్గినా ఒప్పుకోదు. 180 కిందికి దిగితే చాలు, కరెంటు ఉన్నా బ్యాటరీ మీద నడుస్తుంది. సాయంత్రం లో వోల్టేజీ ఉండే వీధుల్లో దీనివల్ల అసలు కరెంటు పోయే వేళకు బ్యాటరీ ఖాళీ అయి కూర్చుంటుంది. అలాంటి చోట ఇన్వర్టర్‌ను నార్మల్‌లో ఉంచి, డెస్క్‌టాప్ ఒక్కదానికి చిన్న యూపీఎస్ విడిగా పెట్టుకోవడం మేలు. ఇన్వర్టర్ సైన్‌వేవ్‌ది (లైను కరెంటులాగే నునుపైన అలగా ఇచ్చేది) అయితేనే ఈ జత కుదురుతుంది. స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ ఇచ్చే కరెంటును చాలా యూపీఎస్‌లు కరెంటుగానే లెక్కచేయవు.

ఇన్వర్టర్‌కు పెట్టే 12 వోల్టుల, 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్-అవర్లు ఉన్నా, చేతికి వచ్చేది 1,200 అనుకుని లెక్క వేసుకోండి. ల్యాప్‌టాప్, రౌటరు, ఒక ఫ్యాను, ఒక లైటు కలిపి 150 వాట్లయితే ఎనిమిది గంటలు వస్తుంది. మిక్సీనో, ఫ్రిజ్‌నో అదే లైనులో కలిపితే ఈ లెక్కంతా పోయినట్టే. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పోయాలి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆర్వో నీళ్లు కూడా వద్దు. ఎండాకాలంలో నెలకోసారి మట్టం చూడండి. బ్యాటరీని పడమటి ఎండ తగిలే మూలన పెట్టకండి. వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు రమారమి సగానికి పడిపోతుంది. ఛార్జింగ్‌లో వచ్చే వాయువుకు మంట అంటుకుంటుంది కాబట్టి గాలి ఆడే చోటే పెట్టాలి, దాని పక్కన అగ్గిపుల్ల గీయకూడదు.

ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కదా అని నిశ్చింతగా ఉంటే రౌటరు దగ్గర దెబ్బ తింటాం. మీటింగ్ మధ్యలో కరెంటు పోతే ల్యాప్‌టాప్ ఆగదు, నెట్ ఆగిపోతుంది. రౌటర్లకు 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి. అడాప్టరు మీద వోల్టులు, ఆంపియర్లు చూసి దానికి సరిపోయేది తీసుకోండి. ఫైబరు డబ్బా వేరుగా ఉంటే దానికీ కావాలి. వీధిలో కేబుల్ వాళ్ల డబ్బాకే కరెంటు లేకపోతే మీరేం చేసినా లాభం లేదు కాబట్టి, వేరే కంపెనీ సిమ్‌తో హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోండి.

మబ్బు పట్టి దూరంగా ఉరిమినప్పుడే ప్లగ్గులు పీకేయండి. స్విచ్ ఆపితే సరిపోదు. స్తంభం నుంచి రాగి ల్యాన్ వైరు ఇంట్లోకి వస్తుంటే అదీ తీసేయాలి. పిడుగు ఆ దారినే వచ్చి మదర్‌బోర్డును కాల్చేస్తుంది. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ చుట్టుపక్కల పిడుగుల గురించి ముందే హెచ్చరిస్తుంది. నెత్తిమీద ఉరుముతున్నప్పుడు మాత్రం ప్లగ్గు జోలికి పోవద్దు, కంప్యూటరు పోతే పోనివ్వండి. పోయిన కరెంటు తిరిగొచ్చాక ఐదు నిమిషాలు ఆగి ఆన్ చేయండి. అందరి ఇళ్లలో ఫ్రిజ్‌లు, మోటార్లు ఒకేసారి లేచే సమయమది, వోల్టేజీ కిందా మీదా అవుతుంది.

వర్డ్‌లో పనిని దానంతటదే దాచిపెట్టే ఆటోరికవర్ మామూలుగా పది నిమిషాలకు ఉంటుంది, రెండు నిమిషాలకు మార్చండి. గాలివాన సూచన ఉన్న రోజు బయాస్ (కంప్యూటరు మొదలవ్వడానికి మదర్‌బోర్డులో ఉండే ప్రోగ్రాం) అప్‌డేట్, పెద్ద విండోస్ అప్‌డేట్ పెట్టుకోవద్దు.

లో వోల్టేజీ రోజూ ఉంటే ఓర్చుకుంటూ స్టెబిలైజర్లు కొనుక్కుంటూ పోవద్దు. వారం రోజులు ఉదయం, సాయంత్రం వోల్టేజీ రీడింగు తేదీ, గంటతో సహా రాసి పెట్టండి. బిల్లు మీదున్న సర్వీస్ నంబరు చెప్పి 1912కు ఫిర్యాదు చేయండి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. అదే ట్రాన్స్‌ఫార్మర్ కిందున్న నాలుగిళ్లవాళ్లతో సంతకాలు పెట్టించి కరెంటు సెక్షన్ ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) అర్జీ ఇవ్వండి, ఒక కాపీ మీద ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోండి.