డచ్ సివిక్ గార్డ్ పెయింటింగ్స్ ఎలా చూడాలంటే

ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి, 17వ శతాబ్దపు హాలండ్‌లో సివిక్ గార్డ్ అనే ఊరి కాపలా దళాలకి ఇప్పటి పోలీసుల్లాంటి ఒకే రకం యూనిఫాం లేదు, ఎవరి మంచి బట్టలు వాళ్ళే వేసుకొచ్చేవాళ్ళు, అందుకే ఎవరు ఎవరో తెలియాలంటే బట్టల కంటే ముందు భుజానికో నడుముకో కట్టిన పట్టీ, జెండా వెతకండి. జెండా పట్టుకున్నవాడు పెళ్ళికానివాడై ఉండాలని అప్పటి రూల్.

తర్వాత రెంబ్రాంట్ 1642లో వేసిన నైట్ వాచ్ అనే పెయింటింగ్ తీసుకోండి, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో ఉంది. నల్ల బట్టల్లో ఎర్ర పట్టీతో ఉన్నది కెప్టెన్. ఆయన చేతి నీడ పక్కనున్న లెఫ్టినెంట్ పసుపు కోటు మీద పడుతుంది కదా, సరిగ్గా అక్కడ జూమ్ చేస్తే అంచు మీద సింహం, ఊరి చిహ్నమైన మూడు ఇంటూ గుర్తులు కుట్టి ఉంటాయి, ఎంత అద్భుతమో చూడండి! వెలుగులో ఉన్న చిన్నపిల్ల నడుముకి వేలాడే కోడి గోళ్ళు కూడా వదలొద్దు, అది ఆ తుపాకీ దళం గుర్తు.